తాళం వేశారా అని అడిగే మనిషి

ఎస్తేరమ్మ టీచరుగారు ఇక లేరు. పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి వరండాలో కూర్చున్న మనిషి, ఇంట్లోవాళ్ళు మంచినీళ్ళు తెచ్చేలోగా గుండె ఆగి కన్నుమూశారు. నేను మామిడితోటలో రసాలు కోయిస్తుంటే ఫోను వచ్చింది. కాయలు కోసే చిక్కం కింద పడేసి చెట్టు మొదట్లో కూర్చున్నాను. నిజం చెప్పాలంటే నాకు ముందు దుఃఖం రాలేదు, భయం వేసింది. పదో తరగతి ఫలితాలు ఈ వారమో పై వారమో అంటున్నారు. మా అమ్మాయి హారిక ఆ పరీక్షలు రాసింది.

ఆవిణ్ణి ఎరగనివారి కోసం చెబుతున్నాను. నూజివీడు చుట్టుపక్కల హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పారు. రిటైరయ్యాక పిల్లల మనస్తత్వం గురించి శిక్షణ తీసుకుని, హనుమాన్ జంక్షన్ నుంచి బస్సెక్కి వారానికి మూడు రోజులు మా ఊరి బడికి వచ్చేవారు. జీతం లేదు. హెడ్మాస్టరుగారు విడిగా గది ఇస్తామంటే వద్దన్నారట. "ఆ గదిలోకి వెళ్ళిన పిల్లని పిచ్చిదంటారండీ. నాకు కుళాయి దగ్గర ఒక బల్ల వేయించండి చాలు." మధ్యాహ్న భోజనం అయ్యాక పిల్లలు కంచాలు కడుక్కునే కుళాయి అది. అన్నం కెలికి పారబోసేది ఎవరు, గుడ్డు పక్కవాళ్ళకి ఇచ్చేసేది ఎవరు, ఒంటరిగా వచ్చి ఒంటరిగా పోయేది ఎవరు, అన్నీ ఆ బల్ల మీద కూర్చునే కనిపెట్టేవారు.

పోయినేడు మా హారికను కనిపెట్టిందీ అలాగే. నాలుగు రోజులు వరసగా అన్నం పారబోసిందని చూసి ఐదో రోజు సాయంత్రం మా ఇంటికొచ్చారు. నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకే. కానీ మా శాఖా గ్రంథాలయంలో మనస్తత్వ శాస్త్రం అరలో నేను తెరవని పుస్తకం లేదు. ఆ ధైర్యంతో, కౌమారంలో మౌనం సహజమనీ, అది వ్యక్తిత్వ వికాసంలో ఒక దశ అనీ పావుగంట చెప్పాను. ఆవిడ టీ చల్లారిపోతున్నా శ్రద్ధగా విన్నారు.

"బాగా చదివారండీ ప్రసాదరావుగారూ. మరి పాపని అడిగారా?"

"ఏమనండీ?"

"ఏమైందమ్మా అని."

అడగలేదు. తలుపు పక్కనుంచి మా ఆవిడ అందుకుంది: "ఈయన పుస్తకాల్ని అడుగుతారండీ, మనుషుల్ని అడగరు."

ఆవిడ అడిగారు. లెక్కలు రావడం లేదని క్లాసులో రోజూ నిలబెడుతున్న సంగతి బయటపడింది. ఇంకొకటి కూడా. నోటు పుస్తకం చివరి పేజీలో, నేను లేకపోతే అందరికీ సుఖం అని రాసుకుంది నా కూతురు. ఆ పేజీ నా చేతిలో పెట్టేటప్పుడు హారికను పక్కనే కూర్చోబెట్టుకుని, దాని చెయ్యి వదల్లేదు టీచరుగారు. విజయవాడలో డాక్టరు దగ్గరికి మాతో పాటు తనూ వచ్చారు. బడిలో ఆ నిలబెట్టడం మాన్పించారు. మెల్లగా పిల్ల తేరుకుంది.

అప్పుడే నాకొక మాట చెప్పారు. "చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలండీ. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి. అడక్కపోతే ఆ ఆలోచనతో పిల్ల ఒక్కతే ఉంటుంది."

ఏటా ఫలితాల ముందు ఆవిడకొక పని ఉండేది. పరీక్ష రాసిన పిల్లలున్న ప్రతి ఇంటికీ నడిచి వెళ్ళి, తోటలకు కొట్టగా మిగిలిన పురుగుమందు ఎక్కడ పెట్టారు, తాళం వేశారా అని అడిగేవారు. పోయినేడు నేనూ తోడు వెళ్ళాను. ఒక పెద్ద రైతు అరుగు మీద నలుగురితో కూర్చుని ఉన్నాడు.

"ఏంటండీ టీచరుగారూ, రిటైరయ్యాక తాళాల కొట్టు పెట్టారా? మావాడు స్కూలు ఫస్టండీ."

"ఫస్టే రానివ్వండి బాబూ, స్వీట్లు నేనే తెస్తాను. మందు మాత్రం పెట్టెలో పెట్టి తాళం వేసి, చెవి మీ మొలతాడుకి కట్టుకోండి."

అందరూ నవ్వారు. అయినా మేము వాకిలి దాటేలోగా ఆయన తాళం కోసం లోపలికి కేకేశాడు. దారిలో ఆవిడ అన్నారు: "తాళం పిల్లల మీద అనుమానంతో కాదండీ. ఎంత మంచి పిల్లకైనా ఒక చెడ్డ గంట వస్తుంది. ఆ గంటలో చేతికేదీ అందకూడదు. అది దాటితే అన్నం పెట్టమని వాళ్ళే వస్తారు."

మీకు భయం వెయ్యదా అని అడిగాను. ఆవిడ పాత సంగతి ఒకటి చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక శనివారం ఒక పిల్ల స్టాఫు రూము గుమ్మంలో రెండుసార్లు నిలబడి నమస్కారం చెప్పి వెళ్ళిందట. ఆవిడ పేపర్లు దిద్దుకుంటూ తల ఊపారట. సోమవారం ఆ పిల్ల బడికి రాలేదు, చనిపోయిందని కబురొచ్చింది. "రోజూ భయమేనండీ. అందుకే నడుస్తున్నాను" అన్నారు.

సమాధి కార్యక్రమం నుంచి ఇంటికొచ్చి హారిక గదిలోకి చూస్తే, మంచం కింద పురుగుమందు డబ్బాలు కనిపించాయి. ఈ వేసవిలో షెడ్డు తాళం పగలగొట్టి దొంగలు మోటారు వైరు ఎత్తుకుపోయారు. మందు కూడా పోతుందని వాటిని నేనే ఇంట్లోకి తెచ్చాను. మా వైపు తోటలవాళ్ళందరం చేసే తప్పే. ఇంత చదివి, ఆవిడ వెంట ఇల్లిల్లూ తిరిగి, నా కూతురు పడుకునే మంచం కింద నేనే పెట్టాను. ఆ సాయంత్రమే వాటిని ఇనప్పెట్టెలోకి మార్చి తాళం వేశాను.

హారిక ఏడవలేదు. రెండు రోజులు సరిగ్గా తినలేదు. మూడో రోజు పొద్దున గాలికి రాలిన కాయలు ఇద్దరం ఏరుతున్నాం. ఎలాగో అడిగాను.

"హారికా, చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?"

అది కాయ చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. "లేదు నాన్నా. కానీ భయంగా ఉంది. ఫెయిలైతే ముందు టీచరుగారికి చెబుదామనుకున్నాను. ఇప్పుడు ఎవరికి చెప్పను?"

"నాకు చెప్పు."

"నువ్వు పుస్తకం తీస్తావు."

"తియ్యను."

అప్పుడు ఏడ్చింది. నేను ఒక్క ముక్క మాట్లాడకుండా దాని పక్కన కూర్చున్నాను. నా భయం తీరలేదు. ఫలితాలు వచ్చేదాకా తీరదు, వచ్చాక కూడా తీరుతుందో లేదో తెలియదు. ఈసారి డాక్టరు దగ్గరికి మేమే తీసుకెళ్ళాం.

నిన్న సాయంత్రం ఈ ఏడు ఆవిడ వెళ్ళవలసిన ఇళ్ళకు నేను బయలుదేరాను. మొదటి ఇంట్లో ఒక తల్లి నా వెనక ఎవరైనా ఉన్నారా అని వీధిలోకి తొంగి చూసింది.

"ఎస్తేరమ్మగారు రాలేదేంటండీ? కబురు చేద్దామనుకుంటున్నా. మా చిన్నోడు నాలుగు రోజుల్నించీ ఎవరితోనూ మాట్లాడట్లేదు."

చెప్పాను. ఆ తల్లి మెట్టు మీద కూర్చుండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది: "మరి వీడితో ఎవరు మాట్లాడతారండీ?"

"నాకు తెలియదమ్మా. రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళదాం. ఇవాళ ఒకసారి అడిగి చూద్దాం."

ఆవిడ లేచి లోపల మంచం పక్కన కుర్చీ వేసింది. ఆ పిల్లవాడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. ఎస్తేరమ్మగారూ, ఆ కుర్చీలో కూర్చోవలసింది మీరు.