ఖాసింబీ పిన్ని చేతిలో ఒంటి చెప్పు

మొన్న నరసరావుపేటలో మా కొట్లో కొత్త సరుకు విప్పుతున్నాం. అట్టపెట్టె తెరవగానే గుప్పుమనే రబ్బరు వాసన నాకు పుట్టినప్పటి నుంచీ తెలిసిందే. పై అర నుంచి ఒక చెప్పు జారి గచ్చు మీద టప్పున పడింది. దాని జతది డబ్బాలోనే ఉంది. అద్దాల అరలో ఎప్పుడూ ఒక కాలిదే పెడతాం. అయినా బోర్లా పడి ఉన్న ఆ ఒంటి చెప్పును చేతిలోకి తీసుకొని కొట్లో ఉన్నవాళ్ళను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎదురుగా కూర్చున్న గిరాకీ ధర అడుగుతున్నాడు, నేను ఇంకా ముఖాలే చూస్తున్నాను. బేరం మధ్యలో నా నోరు మూతపడటం మా పనివాళ్ళు అంతకుముందెన్నడూ చూడలేదు. "ఏందన్నా, బీపీనా?" అన్నారు. ఖాసింబీ పిన్ని అని చెబితే వాళ్ళకేం తెలుస్తుంది? వాళ్ళు ఆమెను చూడలేదు. మీరూ చూడలేదు.

నేను పెరిగింది మాచర్లలో, నాన్న చెప్పుల కొట్లో. మా వీధిలో ఉన్నవన్నీ కొట్లే, మేం ఆడుకున్నవన్నీ బేరాలే. డాక్టరు మాత్రలు రాసిస్తే ఒకటి తగ్గించడానికి కుదరదా అని అడిగే మనిషిని నేను. చదువు పూర్తయ్యాక కొట్లో కూర్చోవడం నామోషీ అనిపించి, రెంటచింతల అవతల ఏటి మీదున్న చిన్న డ్యామ్ దగ్గర గాలి ట్యూబులూ లైఫ్ జాకెట్లూ అద్దెకిచ్చే హక్కు వేలంపాటలో దక్కించుకున్నాను. వ్యాపారం వద్దని పారిపోయి వ్యాపారంలోనే పడ్డావని నాన్న నవ్వాడు.

డ్యామ్ పక్కనే కరెంటు తయారుచేసే పవర్‌హౌస్. అది నడవని వేళల్లో కింద ఏరు చూస్తే ఎవరికైనా దిగబుద్ధవుతుంది. నల్లబండల మధ్య మోకాలి లోతు నీళ్ళు, అడుగున గులకరాళ్ళు. మా ఎండలు తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. నకరికల్లు నుంచి, వెల్దుర్తి నుంచి కూడా జనం వచ్చి ఆ నీళ్ళలో గేదెల్లా కూర్చునేవారు. యూనిట్, అంటే కరెంటు తీసే యంత్రం, మొదలుపెట్టే ముందు సైరన్ మోగుతుంది. కాసేపటికి నీళ్ళు వస్తాయి. అవి హోరుమంటూ వచ్చినా బాగుండేది. ముందు కాళ్ళ దగ్గర నీళ్ళు చల్లబడతాయి, డ్యామ్ అడుగున ఎండ తగలని నీళ్ళు కాబట్టి. తర్వాత ఎండుటాకులు, నురుగు తేలుతూ వస్తాయి. ఆ తర్వాత, ఇందాక మనం కూర్చున్న బండ ఎక్కడుందో కనపడదు.

మెట్ల పక్కన ఖాసింబీ పిన్ని టీ కొట్టు. పొట్టి మనిషి, గట్టి గొంతు. అంతకుముందు తిరునాళ్ళలో, ఉరుసుల్లో చెప్పుల స్టాండ్ నడిపిందట. ఈత రాదు. చివరి మెట్టు దాకా దిగాల్సి వస్తే గోడ పట్టుకొని పక్కవాటుగా దిగేది. టీ కాచేటప్పుడు కూడా ఏటికి వీపు పెట్టేది కాదు. నీళ్ళలోకి దిగే ప్రతి మనిషి దగ్గరా ఒక చెప్పు అడిగి తీసుకొని తన బల్ల కింద పెట్టుకునేది. రెండోది వేసుకుంటారో, మెట్ల మీద వదిలేస్తారో వాళ్ళ ఇష్టం. ఒంటి చెప్పు మాత్రం ఆమె దగ్గరుండాలి. ఇవ్వకపోతే తిట్లు.

ఆ తిట్లకు నా గిరాకీ సగం చెదిరిపోతోందని మొదటి వారంలోనే బేరానికి వెళ్ళాను.

"పిన్నీ, చెప్పులెందుకు, టోకెన్లు పెడదాం. నేనే కొట్టిస్తా."

"టోకెను జేబులో పెట్టుకొని ఇంటికి పోతాడు. అప్పుడు వాడు ఇంట్లో ఉన్నాడో నీళ్ళలో ఉన్నాడో నాకెట్టా తెలిసేది?"

"పోనీ జత తీసుకో. ఒక్కటే అడిగితే పిచ్చిదనుకుంటున్నారు."

"చెప్పుల కొట్లో పుట్టావు, ఇది తెలవదంట్రా బేరగాడా. జతైతే ఎవడన్నా వేసుకుపోతాడు. ఒంటిది ఎవడికి కావాలి? దాని మనిషి తప్ప దాన్ని ఎవడూ అడగడు. సైరన్ మోగినాక నా బల్ల కింద చెప్పు మిగిలిందంటే, ఏట్లో మనిషి మిగిలినట్టే."

టోకెన్ల మాట మళ్ళీ ఎత్తలేదు. ఆమె పెట్టిన బేరగాడు అన్న పేరు మాత్రం అప్పట్నుంచీ నాకు అంటుకుంది.

ఇంకోసారి తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన నలుగురిని వెంటేసుకొని వచ్చాడు. నా ట్యూబులన్నీ ఆయనకే కావాలన్నాడు. నేను అప్పటికే నడుం వంచి నిలబడ్డాను. పిన్ని చెయ్యి చాపి చెప్పు ఇమ్మంది.

"నేనెవరో తెలుసా నీకు?" అన్నాడాయన.

"తెలవదయ్యా. నీళ్ళకీ తెలవదు."

వెంటవచ్చినవాళ్ళు నవ్వు ఆపుకోవడానికి తలలు పక్కకు తిప్పుకున్నారు. ఆయన వంగి, బూటు విప్పి ఇచ్చాడు. ఆమె దాన్ని హవాయి చెప్పుల పక్కనే పెట్టింది.

నీళ్ళంటే అంత భయమున్న మనిషికి వెనక ఏదో కథ ఉంటుందని నా నమ్మకం. తీరిక దొరికిన ఒకరోజు అడిగేశాను: "మీవాళ్ళెవరన్నా పోయారా పిన్నీ, ఏట్లో?"

ఆమె గ్లాసులు కడుగుతూ నన్ను వింతగా చూసింది. "ఎవరూ పోలా. పోయినాకే భయపడాల్నా ఏందిరా?"

ఒక మే నెల మధ్యాహ్నం, బండలు పెనంలా కాలుతున్నాయి. సైరన్ మోగింది. జనం గోలగోలగా మెట్లెక్కి చెప్పులు అడిగి తీసుకున్నారు. నేను ట్యూబులు లాక్కొచ్చుకుంటున్నాను. మళ్ళీ తలెత్తి చూసేసరికి పిన్ని బల్ల ముందు నిలబడి ఉంది, చేతిలో ఒక నీలం పట్టీ చెప్పు.

"ఇదెవరిది?" అంది.

బైకుల మీద వచ్చిన కుర్రాళ్ళ గుంపు అటూ ఇటూ చూసుకుంది. "మా శీనుగాడిది. బండి దగ్గరికి పోయుంటాడులే ఆంటీ," అన్నాడొకడు.

"ఈ ఎండలో, కాలికి చెప్పు లేకుండా, బండి దాకా?"

ఏటి మధ్యలో ఒక పెద్ద బండ ఉంది, దాని అవతలి పక్క ఒడ్డుకు కనపడదు. ఆమె కుర్రాళ్ళకు దానివైపు చెయ్యి చూపించింది. "మీరు అటు పోండి. ఏమిరా బేరగాడా, నువ్వు ఫోన్ చెయ్యి పో."

డ్యామ్ దగ్గర కాపలా ఉండే గార్డు పవర్‌హౌస్‌కు ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. అవతల ఆపరేటరు విసుగ్గా, "మనిషి కనపడ్డాడా?" అన్నాడు.

కనపడ్డాడు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అబద్ధం నాకేమీ కొత్త కాదు. కానీ బండ అవతల ఎవరూ లేకపోతే, రేపు ఇంకో చెప్పు మిగిలినప్పుడు ఈ మనిషి మా మాట నమ్మడు.

"లేదు సార్. చెప్పు మిగిలింది."

"చెప్పు కోసం యూనిట్ ఆపమంటావా? పై ఆఫీసు నుంచి టైమ్ ఇచ్చారయ్యా."

ధర తగ్గించమంటే ఏ వ్యాపారీ ఒప్పుకోడు. కొసరు అడిగితే కాదనలేడు. "ఆపమనట్లేదు సార్," అన్నాను. "మీరు ఎట్లాగూ మొదలుపెడతారు. కాస్త కొసరు వెయ్యండి. మావాళ్ళు ఆ బండ అవతల చూసొచ్చేదాకా."

"కూరగాయల బేరం లాగుందే ఇది," అన్నాడు. "ఫోన్ పెట్టేయమాక. మాట్లాడుతుండు. పెట్టేస్తే పని అయిపోయిందనుకుంటా."

జీవితంలో నేను అంత భయంతో మాట్లాడింది లేదు. చెమటకు ఫోన్ చేతిలోంచి జారుతోంది. ఏ ఊరు సార్ మీది, ఎండలు ఎట్లా ఉన్నాయి సార్, ఏం వాగానో నాకే తెలియదు. కుర్రాళ్ళు నీళ్ళలో పడుతూ లేస్తూ వెళ్తున్నారు. బండ వెనక్కి వెళ్ళి కనపడకుండా పోయారు. ఇప్పుడు లెక్క ఒక మనిషిది కాదు. కింద చివరి మెట్టు మీద పిన్ని, గోడ వదిలేసి, చెప్పును తల మీదకెత్తి పట్టుకొని నిలబడి ఉంది, దాన్ని చూసైనా దాని మనిషి వస్తాడన్నట్టు.

బండ అవతల నుంచి వాళ్ళు వచ్చారు. మధ్యలో ఆ శీను. నీడలో పడుకొని చెవుల్లో పాటలు పెట్టుకున్నాడట, సైరన్ వినపడలేదు. లాక్కొస్తున్నందుకు తిడుతూనే మెట్లెక్కాడు. నేను ఫోన్‌లో, "ఆ చెప్పు మనిషి దొరికాడు సార్, అందరూ ఎక్కారు," అన్నాను. ఆపరేటరు గట్టిగా ఊపిరి వదలడం వినపడింది.

ముందు ఆకులొచ్చాయి, తర్వాత నురుగు. మేమందరం మెట్ల మీద నిలబడి చూస్తున్నాం. పెద్ద బండ చాపంత అయింది, పళ్ళెమంత అయింది, ఆ తర్వాత ఆ చోట నీళ్ళు సుడి తిరుగుతున్నాయి, అంతే. అతను తిట్టడం ఎప్పుడు ఆపాడో ఎవరం గమనించలేదు. కూర్చుండిపోయాడు. చెప్పు తొడుక్కోబోతే కాలు వణికి పట్టీలో దూరడం లేదు. పిన్ని అతని ముందు కూర్చొని, మడమ పట్టుకొని, "కదిలించమాక నాయనా," అంటూ తొడిగింది.

ఆ సాయంత్రం ఆమె టీ పోస్తే గ్లాసులో కంటే బల్ల మీద ఎక్కువ పడింది. "ఇన్నేళ్ళైనా భయం పోలేదా పిన్నీ?" అన్నాను.

"పోకూడదురా. పోతే చెప్పు ఎవరడుగుతారు?"

తర్వాత కొన్నేళ్ళకు నేను మళ్ళీ చెప్పుల కొట్లోకే, ఈసారి నరసరావుపేటలో, వచ్చి పడ్డాను. పిన్ని జబ్బు చేసి పోయింది.

ఈ వేసవిలో మా అమ్మాయి పట్టుబడితే ఆ డ్యామ్‌కు తీసుకెళ్ళాను. హెచ్చరిక బోర్డులున్నాయి, కంచె ఉంది, సైరన్ కొత్తది. టీ కొట్టు ఉన్నచోట ఖాళీ. మెట్ల దగ్గర నేను చెయ్యి చాపాను.

"నాన్నా, అందరూ చూస్తున్నారు. కావాలంటే ఫోన్ పెట్టుకో," అంది.

"చెప్పు ఇవ్వు."

"వాచీ కూడా ఇస్తా."

నా కూతురే, బేరం బాగా ఆడుతుంది. నేను చెయ్యి తీయలేదు. విసురుగా ఒకటి విప్పి ఇచ్చి, రెండోది మెట్ల మీద వదిలి దిగింది. దాని కాలి వెచ్చదనం కాసేపు ఆ చెప్పులో ఉంది. తర్వాత చల్లబడింది. సైరన్ మోగింది. జనం ఎక్కుతున్నారు. ఒక్కొక్క ముఖమే దాటిపోతోంది, ఏదీ దానిది కాదు. నీళ్ళ మీద మొదటి ఎండుటాకు కనపడేసరికి గుంపు చివర తడిజుట్టుతో వచ్చింది. మెట్ల మీది చెప్పు వేసుకొని, కాలుతున్న రాయి మీద ఒంటికాలితో గెంతుకుంటూ, నన్ను తిడుతూ. "ఇటివ్వు," అని చెయ్యి చాపింది.

ఇద్దామనే అనుకున్నాను. వేళ్ళు వెంటనే విడివడలేదు.