ఏ భాషలోనూ తప్పులేని పేరు

మనుషులు చేసే తప్పులు రెండు రకాలు: తెలియక చేసేవి, తెలివితో చేసేవి. మొదటి రకాన్ని నలుగురూ మరిచిపోతారు. రెండో రకం పదో తరగతి సర్టిఫికెట్టు మీద అచ్చవుతుంది. నేను చేసింది రెండోది. దాని వల్ల ఒక పిల్ల పేరు పోయింది, ఒక ముసలావిడ ఆశ పోయింది, మా ఇంట్లో నాకున్న పరువు పోయింది. ఆ మూడోది ఇంతవరకూ దొరకలేదు.

అప్పట్లో, అంటే ఎనభైల మొదట్లో, నేను నరసరావుపేటలో నీటిపారుదల శాఖ గుమాస్తాను. పద్ధతి గల మనిషిని. కాలేజీ రోజుల నుంచి డైరీ రాస్తున్నాను. కొత్త గొడుగు కొన్న తేదీ, ఆ గొడుగు పోయిన తేదీ అడగండి, చూసి చెబుతాను. రెండూ ఒకటే తేదీ.

అలాంటి నాకు కూతురు పుట్టింది. మా ఆవిడ సరోజ పురిటి మంచం మీదే పేరు అనుకుంది. ఉమ.

"చిన్న పేరు. పిలవటానికి హాయిగా ఉంటదండీ."

నేను సూత్రప్రాయంగా అంగీకరించి, పరిశీలనకు పెట్టాను. సరిగ్గా ఆ వారంలోనే, జపాను వెళ్లి శిక్షణ పొందివచ్చిన ఇంజనీరు గారొకాయన మా ఆఫీసుకి వచ్చారు. మాటల్లో పిల్ల పేరు చెప్పాను. ఆయన నవ్వి, ఆ దేశంలో ఉమ అంటే గుర్రం అన్నారు. సైకిలు తొక్కుకుంటూ గంభీరంగా ఇంటికి వచ్చాను.

"ఆ పేరు కుదరదే. జపాన్లో గుర్రమట."

"మనమెప్పుడు పోతాం జపాను?"

"మనం పోకపోవచ్చు. జపాను వాళ్లు ఇటు రాకూడదా?"

సరోజ వీధిలోకి చూసింది. వీధిలో జపాను వాళ్లెవరూ లేరు. పత్తి బోరేలతో రెండెడ్ల బండి ఒకటి పోతోంది.

తర్వాత హేమ అనుకున్నాం. బంగారం. గ్రంథాలయానికి వెళ్లి లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు తిరగేస్తే, రక్తానికొచ్చే జబ్బుల్లో సగం ఇంచుమించు ఆ మాటతోనే మొదలవుతున్నాయి. గ్రీకు భాషలో రక్తమట. బంగారు తల్లీ అని పిలుద్దామనుకుంటే గ్రీసులో నెత్తురు కారుతోంది. కొట్టేశాను. ఆ పైన లత. దీనికి ఉర్దూ చూడాలి కదా అని, జపాను, గ్రీసు సంగతులు చెప్పి, బస్టాండు దగ్గర స్కూటర్లు బాగుచేసే మస్తాన్‌ని అడిగాను. అతను నాకు చిన్నప్పటి నుంచి తెలిసినవాడు. కిక్కు రాడ్డు మీద కాలు పెట్టి ఆలోచించాడు.

"లాత్ అంటే తన్ను అన్నా."

"లాత్ వేరు, లత వేరు గదా?"

"వేరే. కాకపోతే దూరం నుంచి పిలిస్తే దగ్గిరే." కిక్కు కొట్టాడు. బండి స్టార్టయింది. "ఇంతకీ మీ అమ్మాయి గ్రీసుకి ఏ బస్సులో పోద్దన్నా?"

వెనకటికి ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నాడట ఒకడు. వాడు నాకంటే నయం. మా ఇంట్లో ఆలు ఉంది, చూలు అయింది, పిల్ల పుట్టి బోర్లా పడింది, పేరే లేదు. బారసాల వాయిదా మీద వాయిదా పడుతోంది. మా అత్తగారు రెండుసార్లు వచ్చి, పేరు లేని పిల్లను చూసి, రెండుసార్లూ నన్ను కూడా అదోలా చూసి వెళ్లిపోయింది.

ఈలోగా పిల్లను ఏదో ఒకటి అనాలి కదా. అందరూ 'పాప' అన్నారు. అది పేరు కాదు, తాత్కాలిక ఏర్పాటు. ఆఫీసులో పోస్టు ఖాళీగా ఉంటే ఇన్‌చార్జిని వేసినట్టు. ఇన్‌చార్జిగా వచ్చినవాడు రిటైరయ్యేదాకా ఆ కుర్చీలోనే ఉండిపోవటం నేను నా కళ్లతో చూశాను. అయినా అనుమానం రాలేదు.

ఇన్ని భాషలు గాలించాక నాకు ఒక సిద్ధాంతం తట్టింది. చిన్న మాట బస్టాండు లాంటిది. దారిన పోయే ప్రతి భాషా వచ్చి అక్కడ కాసేపు ఆగి, తన మూట దించి పోతుంది. అదే పొడుగు మాటనుకోండి, దాని జోలికి ఎవరూ రారు. కాబట్టి పొడుగు పేరు పెట్టాలి. రాజుపాలెంలో ఉండే మా అమ్మ పేరు కోటేశ్వరమ్మ. ప్రపంచంలో ఏ జాతీ గుర్రాన్ని కోటేశ్వరమ్మ అనదు. అమ్మ కూడా సంతోషిస్తుంది. స్వామి కార్యం, స్వకార్యం. ఎవరికీ చెప్పకుండా ముహూర్తం పెట్టించాను.

బారసాలకి పిల్లల్ని ఎత్తుకొని తెస్తారు. మా పిల్ల పాక్కుంటూ వచ్చింది. నేను బియ్యంలో ఉంగరంతో 'కో' రాయగానే పళ్లెం లాక్కొని చేత్తో చెరిపేసింది. దాన్ని హెచ్చరికగా తీసుకోవలసింది. మళ్లీ రాశాను. అమ్మ కళ్లు తుడుచుకుంది.

"ఒరేయ్, నేను బడి మొగం చూసినదాన్ని కాదు. నా పేరన్నా బడికి పోద్దంట్రా?"

"పోవటమేమిటమ్మా, రోజూ పొద్దున్నే టీచరు హాజరు పట్టీ తెరిచి గట్టిగా పిలుస్తుంది."

"ఆనాడు నన్ను తీసకపో. ఒక్కసారి వింటా."

మాటిచ్చాను. అందరూ భోజనాలు చేసి వెళ్లాక సరోజ మెల్లగా అడిగింది.

"ఇప్పుడు నేను పిల్లనేమని పిలవాలి?"

"పేరు పెట్టాంగా."

"అత్తయ్య పేరు నా నోటితో నేనెట్టా పలుకుతానండీ?"

మా వైపు కోడళ్లు అత్తగారి పేరు పలకరని నాకు తెలియక కాదు. కానీ అది ఏ నిఘంటువులోనూ లేదు. మా ఊరి పక్కన కోటేశ్వరస్వామి వెలసిన కోటప్పకొండను సరోజ ఎప్పుడూ 'ఆ కొండ' అనే అంటుంది. పెళ్లయిన నాటి నుంచీ అది భక్తి అనుకున్నాను.

"పోనీ పలికాననే అనుకోండి. ఆమె అరుగు మీద కూర్చోనుంటే, ఆ పేరు పెట్టి ముక్కు చీదుకోవే అని అరవమంటారా?"

అలవాటవుతుందిలే అన్నాను. కాలేదు. సరోజ పాప అంది. ఇరుగుపొరుగు పాప అన్నారు. నేనొక్కణ్ణే పట్టుదలగా కోటేశ్వరమ్మా అని పిలిచేవాణ్ణి. పిల్ల తిరిగి చూసేది కాదు. నాయనమ్మ వచ్చిందేమోనని గుమ్మం వైపు పరిగెత్తేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను జపాను నుంచి గ్రీసు దాకా గెలిచి, వంటింట్లో ఓడాను.

పిల్లకు బడి ఈడు వచ్చేసరికి నాకు నాగార్జునసాగర్ డ్యాము పక్కనున్న విజయపురి సౌత్‌కి బదిలీ అయింది. కాపురం నరసరావుపేటలోనే ఉంచాను. కాలవలకు నీళ్లు వదిలే రోజులు, సెలవు దొరకలేదు. బడిలో చేర్పించటానికి సరోజే వెళ్లింది. అక్కడ ఏం జరిగిందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. హెడ్మిస్ట్రెస్ గారు ముందు తండ్రి పేరు అడిగారట. అదీ పలకకూడదు. సరోజ రేషన్ కార్డు చూపించింది. కార్డులో నా పేరు ఉంది. పిల్ల పేరు లేదు. పేరు ఖాయమయ్యాక చేర్పిద్దామని పద్ధతిగా ఆగి, ఖాయమయ్యాక పద్ధతిగా మరిచిపోయాను.

"పిల్ల పేరు చెప్పమ్మా. వెనక చానామంది ఉన్నారు."

"మా అత్తయ్య పేరేనండీ."

"మీ అత్తయ్య పేరేంది?"

"ఆ కొండ పేరేనండీ."

"ఏ కొండ?"

సరోజ కిటికీలోంచి దక్షిణం వైపు చూపించింది. అటు రైసు మిల్లు గొట్టం కనిపిస్తోంది. హెడ్మిస్ట్రెస్ గారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకొని, కిందికి వంగి పిల్లనే అడిగారు. పిల్ల చేతులు కట్టుకొని, స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా చెప్పింది.

"పాప."

ఇవేవీ తెలియని నేను సెలవు పెట్టి, రాజుపాలెం వెళ్లి అమ్మను తీసుకొచ్చాను. అమ్మ జరీ అంచు చీర కట్టుకుంది. ఒకటో తరగతి కిటికీ బయట ఇద్దరం నిలబడ్డాం. టీచరు పిలవటం మొదలుపెట్టింది. ఒక్కో పేరుకూ అమ్మ ఊపిరి బిగబట్టి వదులుతోంది. మధ్యలో ఎక్కడో "పాప" అని వినిపించింది. "ప్రెజెంట్ టీచర్" అని మా పిల్ల లేచింది. టీచరు చివరిదాకా చదివి పట్టీ మూసేసింది.

"అయిపోయిందా? నా పేరు పిలవలేదేందిరా?"

లోపలికి పరిగెత్తాను. రిజిస్టర్లో ఎక్కింది ఎక్కిందేనన్నారు. తిరిగి వస్తూ రిక్షాలో అమ్మ మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"నీ పేరు కోటేశ్వరమ్మ గదంటే? పాప అని చెప్పావేందే?"

"కోటేశ్వరమ్మ నువ్వు గదా నాయనమ్మా. నీ పేరు నేను తీసుకుంటే నీకేం ఉంటది?"

అమ్మ దాని బుగ్గ పుణికింది. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉంది. నా వంక చూసినప్పుడల్లా ఇంకా ఎక్కువ నవ్వింది.

నాకు మాత్రం మనసు ఆగక, మర్నాడే గ్రంథాలయానికి పోయి 'పాప'ను పరిశీలించాను. ఈ పని ముందు చేయవలసింది. సంస్కృతంలో పాపిష్ఠిది. ఇంగ్లీషులో నాన్న. ఇటలీలో క్రైస్తవ మతగురువు. సముద్రాలవతల కొన్ని దేశాల్లో బంగాళాదుంప. గుర్రం వద్దని నా చేతులారా వదులుకొని, పాపాన్నీ దుంపనూ ఇంటికి తెచ్చుకున్నాను. ఆ సంగతి సరోజకు చెబితే, బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"తెలుగులో ఏందో కూడా చూశారా?"

చూడలేదు.

పాప ఆ పేరుతోనే పది పాసయింది, ఆ పేరుతోనే ఉద్యోగం చేస్తోంది. నేను రిటైరయ్యాను. అందువల్ల, ఇది చదివే మీ అందరి సమక్షంలో, మా అమ్మ పేరిట ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మనిషికి గానీ, దూడకు గానీ, వీధికి గానీ, వీధి చివరి టీకొట్టుకు గానీ పేరు పెట్టను, ఇతరులు పెట్టిన పేర్లను పరిశీలనకు తీసుకోను.

ప్రమాణానికి పరీక్ష కూడా అయింది. మొన్నామధ్య పాప కూతురి బారసాల జరిగింది. ఇరవై ఒకటో రోజునే. నన్నెవరూ అడగలేదు. బియ్యంలో రాసింది చూడటానికి ముందుకు వంగాను. సరోజ మనవరాలిని ఒళ్లోకి తీసుకొని, అన్నేళ్లుగా దాచుకున్నదంతా కలిపి, నోరారా "ఉమా, ఉమా" అని పిలుస్తూ నా వంకే చూసింది.

జపాను గురించి నాకేమీ తెలియదు.