మూడో గొంతు లేని పాట

1990 వేసవిలో నేను కువైట్‌లోని షువైఖ్‌లో, ఒక చిన్న స్టూడియోలో సౌండ్ ఇంజినీరుగా ఉన్నాను. అహ్మదిలో ఆయిల్ కంపెనీ బస్సులు బాగుచేసే మా రాయచోటి ఖాదరన్న ఒకరోజు తన కూతుళ్లు నస్రీన్, ముంతాజ్‌లనూ, వాళ్ల స్నేహితురాలు లతనూ వెంటబెట్టుకొచ్చాడు. ముగ్గురికీ పద్నాలుగు, పదిహేనేళ్లు. ఎవరో ఇంగ్లీషు ఇంజినీరు వదిలిపోయిన రికార్డులు విని, యాభైల నాటి రాక్ అండ్ రోల్ పద్ధతిలో సొంతంగా ఒక ఇంగ్లీషు పాట కట్టుకున్నారు. నస్రీన్ పాట పాడుతుంది. తక్కిన ఇద్దరూ వెనక నుంచి "డూ డూ, షా లా" అని అర్థంలేని అక్షరాలతో వంత పాడతారు.

ఉన్నది ఒకటే మైకు. నస్రీన్‌ను దానికి జానెడు దూరంలో, మిగతా ఇద్దర్నీ మూడడుగులు వెనక నిలబెట్టాను. పాడిన ప్రతిసారినీ మేము టేక్ అంటాం. ఏది ఎన్నోదో తెలియడానికి ఇంజినీరు ముందుగా మైకులో అంకె చెప్తాడు. అక్కడి అలవాటు కొద్దీ నేను అరబ్బీలో చెప్పేవాణ్ణి. కాపీ ఇచ్చేటప్పుడు ఆ అంకెలు తీసేయాలి. తెలిసిన పిల్లలు, ఎవరడుగుతారులే అని బద్ధకించి, పదకొండు టేకులూ ఉన్నవున్నట్టు కాసెట్‌కెక్కించి ఇచ్చేశాను.

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. లతా వాళ్లు ముందే వెళ్లిపోయారు. తర్వాత కొన్ని వారాలకు ఖాదరన్న కుటుంబంతో కలిసి నేనూ జోర్డాన్ వెళ్లే బస్సెక్కాను. బస్రా దగ్గర చెక్‌పోస్టులో ఒక అధికారి ఖాదరన్న సంచిలోని కాసెట్ తీసి, జీపులో పెట్టి విన్నాడు. మగ గొంతు అంకె చెప్తుంది, వెనకే ఏ భాషకూ చెందని అక్షరాలు వినబడతాయి. రహస్య సంకేతాలనుకున్నాడు. ఖాదరన్నను దింపి, బస్సును పొమ్మన్నాడు.

నేను డ్రైవరును ఆగమని దిగి, ఆ గొంతు నాదని వచ్చిన అరబ్బీలో చెప్పాను. అంకెలు చెప్పించి చూశాడు. అమ్మాయిల్ని పిలిపించి, ఆ పాట పాడి చూపించమన్నాడు. టేపులో మూడు ఆడగొంతులున్నాయి, ఇక్కడ ఇద్దరే ఉన్నారేమని అడిగాడు.

"లత లేకుంటే ఎట్ల అంకుల్?" అని నస్రీన్ ఏడుపు మొదలుపెట్టింది.

"నువ్వు పాట ఎత్తుకోమ్మా. లతది నేను పాడ్తా. పదకొండు సార్లు విన్యా గదా," అన్నాను.

ఇద్దరు సైనికుల మధ్య నిలబడి కూడా ఖాదరన్న నోరు ఊరుకోలేదు. "నీకు పాట యాడొచ్చప్పా?" అన్నాడు.

స్టూడియోలో లాగే నస్రీన్‌ను ముందు నిలబెట్టి, ముంతాజ్, నేనూ వెనక నిలబడ్డాం. నలభై ఏళ్ల మీసాలవాణ్ణి, నడిరోడ్డు మీద, బస్సు నిండా జనం చూస్తుండగా "డూ డూ, షా లా" అన్నాను. నా వంతు రెండుచోట్ల తప్పాను కూడా. రెండో చరణం సగంలో అధికారి చెయ్యెత్తి "ఖలాస్" అన్నాడు, ఇక చాలని. ఖాదరన్నను వదిలాడు. కాసెట్ ఉంచుకున్నాడు.

ఆ తర్వాత హైదరాబాదులో చాలా ఏళ్లు ఇదే పని చేశాను. ఆ అధికారిని నేనెప్పుడూ తిట్టుకోలేదు. ఆయన తన పని చేశాడు, చేయనిది నేను. పరాయివాళ్ల పనిలో ఎంత శ్రద్ధ పెడతామో అయినవాళ్ల పనిలో అంత అలుసు చూపిస్తాం. ఆ అలుసుకు ఆరోజు సైనికుల మధ్య నిలబడింది ఖాదరన్న.