అయ్యో అక్క

ఆమెకు అసలు పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది, వీధిలో ఎవరికీ దానితో పని పడలేదు. "అయ్యో అక్క" అంటే చాలు, మెట్ల కింద ఇరుకు గదిలో కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషిని చిన్నపిల్లలు కూడా చూపిస్తారు.

ఆ పేరు ఊరికే రాలేదు. వదులైన బట్టను మనిషి ఒంటిమీదే బిగించి చూడటం ఆమె పద్ధతి. ఆ సేపంతా గుండుసూదులు పెదాల మధ్యే ఉంటాయి. "పాపం" అనాలంటే పెదాలు కలవాలి, సూదులు గుచ్చుకుంటాయి. "అయ్యో"తో ఆ బాధ లేదు. అందుకని కరెంటు పోయినా అయ్యో, కాపురం కూలినా అయ్యో. అద్దం ముందు కదలకుండా నిలబడ్డవాళ్లకు ఎక్కడలేని కష్టాలూ గుర్తొస్తాయి మరి. అక్క చూపంతా కుట్టు మీదే. ఎదుటివాళ్లు ఊపిరి పీల్చుకోవడానికి ఆగిన చోట ఒక అయ్యో పడేస్తుంది. అది ఎంత సరిగ్గా పడుతుందంటే, అక్కలాగా ఓపిగ్గా వినేవాళ్లు లేరని వీధి వీధంతా నమ్మేసింది. అక్క కూడా నమ్మేసింది, అదీ తమాషా.

మొన్న టీచరమ్మ వచ్చింది. తన గౌను వదులైంది, నడుం దగ్గర టైటు చేయాలంది. అద్దం ముందు నిలబడి ఏదో చెబుతూనే ఉంది. అదేమో జారుడు గుడ్డ, చేతికి చిక్కదు. అక్క లోలోపల విసుక్కుంటూనే వరసగా అయ్యోలు పడేసింది. చివర్లో టీచరమ్మ కళ్లు తుడుచుకోవడం అద్దంలో కనిపించింది కూడా. జలుబేమో అనుకుంది.

మర్నాడు పై వాటాలో పిన్ని దిగి వచ్చి అడిగింది.

"టీచరమ్మ చెల్లెలు పోయిందటగా! ఏమైందని అడిగితే, 'అక్కకు చెప్పాను, మళ్లీ చెప్పలేను' అంది. ఎలా పోయిందే?"

అక్క ఒక్క ముక్కైనా గుర్తుతెచ్చుకుందామని నానా తంటాలు పడింది. నడుం దగ్గర ఎంత లోపలికి పట్టిందో గుర్తుంది, అంతే. గౌను కుడుతున్నంతసేపూ తనను తాను తిట్టుకుంది. చచ్చిపోయిన చెల్లెలి గురించి చెప్పుకుని ఏడుస్తుంటే గుడ్డ జారుతోందని విసుక్కున్నాను, నేనూ ఒక మనిషినేనా అనుకుంది.

గౌను మడిచి తనే టీచరమ్మ ఇంటికి తీసుకెళ్లింది. ఒప్పేసుకుందామనే వెళ్లింది. టీచరమ్మ చేయి పట్టుకుని లోపల కూర్చోబెట్టింది.

"మీరు అడ్డం రాకుండా విన్నారక్కా. మా ఇంట్లోవాళ్లతో కూడా చెప్పుకోలేకపోయాను. మీకు చెప్పాకే రాత్రి కాస్త కన్ను మూతపడింది."

ఇక నోరెలా పెగులుతుంది? నిజం చెబితే ఆ కాస్త నిద్రా పోతుంది. పోనీలే, మంచే జరిగిందిగా అని అక్క తనకు తానే సర్దిచెప్పుకుంది. సిగ్గేసింది, అయినా సర్దిచెప్పుకుంది.

"చెల్లి చివరి మాటేనక్కా..." టీచరమ్మ గొంతు తగ్గించింది. "తలచుకున్నప్పుడల్లా ఒక్కోలా గుర్తొస్తోంది. మర్చిపోతానేమోనని భయంగా ఉంది. మీకు చెప్పినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక్కసారి మీరు అనండి, వింటాను."

అక్క ఒళ్లో గౌను నలిపేస్తూ కూర్చుంది. తప్పించుకునే దారే లేదు.

"నేను వినలేదు తల్లీ," అంది.

టీచరమ్మకు మొదట అర్థం కాలేదు. తర్వాత మెల్లగా అడిగింది.

"మరి అన్నిసార్లు అయ్యో అన్నారు కదక్కా?"