తురుమ్తీని ఇంటికి తెచ్చుకున్న ఖాలా

పోయిన శుక్రవారం సైదాబాద్ నుంచి కబురొచ్చింది, చిన్నమ్మ లెక్క నేను ఖాలా అని పిలిచే మా పక్కింటామె ఇగ లేదని. నేను పోయేసరికే మట్టి ఇచ్చి వచ్చిన్రు. ఆమె బిడ్డ నన్ను పట్టుకొని ఏడ్చింది.

చార్మినార్ వెనక గల్లీల పన్నెండేండ్లు మా రెండిండ్లకు నడుమ ఒకటే గోడ. పెనిమిటి పోయినంక ఖాలా జాగీర్దార్ల వేట పక్షులకు తోలు టోపీలు కుట్టి బతికింది. కండ్లు కప్పే టోపీ పెడితే పక్షి బెదరకుండ కూసుంటది. లోపలి కుట్టు గుచ్చుకుంటదేమోనని, కుట్టిన ప్రతి టోపీని తన కంటిరెప్పకు రాసుకొని చూసుకునేది.

నేను బడిల పంతులమ్మను. వంకర ముక్కున్నదల్ల గద్దేనని పిల్లలకు చెప్తున్ననంటే ఖాలా నవ్వింది.

"కండ్లు చూడాలె బిడ్డా. పచ్చ కండ్లు, పొట్టి రెక్కలుంటే షిక్రా. నల్ల కండ్లు, పొడుగు రెక్కలు, ముక్కంచుకు పన్నసొంటి నొక్కు ఉంటే బైరి జాతి. గండ్ల చిన్నది, ఎర్ర తలది తురుమ్తీ. చిన్నదే గని, గాలిల దాన్ని అందుకునేటిది లేదు."

తెల్లారి పిల్లలకు నా తప్పు నేనే దిద్దిన.

ఒకసారి టోపీలియ్య పోతూ నన్ను తోడు రమ్మన్నది. జాగీర్దారు ఉండే దేవిడీల కొత్త మున్షీ పక్షుల పట్టీ రాస్తున్నడు. తురుమ్తీల జంటల చిన్నదాన్ని చూసి, "ఇది రోగపు పిల్ల, పెరుగుతలేదు, మెడ విరిచెయ్యిన్రి" అన్నడు.

"పిల్ల గాదు సాబ్, మొగది. వీటిల ఆడదే పెద్దగుంటది" అన్నది ఖాలా.

"టోపీలు కుట్టేటిదానివి, నాకు చెప్తున్నవా?"

ఖాలా రెండేండ్ల కింద దానికే కుట్టిన టోపీని కొయ్య మీదికెల్లి తీసి తొడిగింది. సరిగ్గ పట్టింది. "రెండేండ్ల సంది దీనికి ఇదే టోపీ సాబ్. రెండేండ్ల పక్షి ఇంక పిల్లెట్లయితది?"

మున్షీ ముఖం మాడింది. "గంత ప్రేముంటే నువ్వే తీస్కపో. మళ్ల ఈ గడప తొక్కకు."

తొవ్వల నేనే కోప్పడ్డ: "ఎందుకు మాట్లాడినవు ఖాలా? ఇగ ఎట్ల బతుకుతవు?"

"తెలిసి గూడ ఊకుంటే, ఇన్నేండ్లు నేర్చుకున్నది ఎందుకు బిడ్డా?"

తురుమ్తీని ఇంటికి తెచ్చి, తాను ఒక పూట తిని దానికి కందనకాయ ముక్కలు పెట్టింది. రోజూ పొద్దున మిద్దె మీద ఎగరేసేది. జాగీర్లు పోయినంక వేరే దేవిడీలల్ల గూడ టోపీలడిగేటోళ్లే లేకపోయిన్రు. కిరాయి కట్టలేక సైదాబాద్‌ల బిడ్డ ఇంటికి పోవాల్సొచ్చింది. అల్లుడు పక్షిని తేవద్దన్నడట.

పోయే దినం పొద్దున మిద్దె మీద దాని కాలి తోలుపట్టీ కోసింది. అది ఒక సుట్టు తిరిగి వచ్చి పిట్టగోడ మీద వాలింది. ఖాలా చప్పట్లు కొట్టి తరిమింది. అది మళ్ల వచ్చింది. మూడోసారి తరిమి, ఖాలా గోడ దిక్కు తిరిగి ముఖానికి కొంగు కప్పుకున్నది.

"పోయిందా బిడ్డా?"

"పోయింది ఖాలా" అన్న.

అది అబద్ధమని ఆమెకు ఎన్నడూ చెప్పలేకపోయిన. ఆమె గోడ పట్టుకొని ఒక్కొక్క మెట్టే దిగిపోయింది. పిట్టగోడ మీది తురుమ్తీ తల వంచి, ఖాళీ మెట్ల దిక్కే చూస్తున్నది.