సారా ముట్టని ఇన్నయ్య

నందిగామ పక్క మిరపచేలల్లో పురుగుమందు కలపాలంటే కూలి ఇన్నయ్యే కలపాలి. కర్రతో తిప్పితే సరిగా కలవదని మోచేతిదాకా చెయ్యి ముంచి తిప్పేవాడు. పంతొమ్మిదివందల అరవై నాలుగులో ఒక మధ్యాహ్నం నోట నురగ కక్కుతూ, ఒళ్లంతా అదురుతూ గట్టు మీద కూలబడ్డాడు.

“దొంగసారా తాగొచ్చాడే. మజ్జిగ పట్టు, దిగుద్ది,” అన్నాడు ఆసామి వీరరాఘవయ్య.

“మా ఆయన సారా ముట్టడండీ,” అంది భార్య లూర్దమ్మ. ఎవరు విన్నారు గనక!

సాయంత్రం ఆస్పత్రిలో డాక్టరు, ఆవగింజంతైన కంటిపాపలు చూసి పెదవి విరిచాడు. “నరం కండకు పంపే కబురు పనవగానే చెరిగిపోవాలమ్మా. ఈ విషం చెరగనివ్వదు. కండలు అదిరదిరి చచ్చుబడి ఊపిరి ఆగింది. అప్పుడే తెస్తే సూదిమందు ఉంది.”

శవాన్ని ఇంటికి చేర్చింది ఆసామి ఎద్దులబండే. మందుగాలి సోకితే చస్తాయని ఆ ఎద్దుల్ని పొద్దున్నే అవతలి చేలోకి తోలించాడు ఆసామి, లూర్దమ్మ చేతే.