పొత్రానికి పెట్టిన దిష్టిచుక్క

దెయ్యాలనేవి ఉంటే మొదట నాకే కనబడాలి. రామచంద్రపురంలో ఒక ఎక్స్‌రే సెంటర్లో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. సగం జీవితం చీకటిగదిలో, ఎర్రబల్బు కింద ఫిల్ములు కడుగుతూనే గడిచింది. విరిగిన ఎముకలు చూశాను, పిల్లలు మింగిన రూపాయి బిళ్ళలు చూశాను. దెయ్యం మాత్రం ఒక్క ఫిల్ము మీదా పడలేదు.

"ఫిల్ము మీద పడనిది లేనట్టే" అని అందరితో వాదించేవాణ్ణి. "వీడికి దేవుణ్ణి చూపించాలన్నా ఎక్స్‌రే తీయించాలి" అని మా అమ్మ అనేది. ఇప్పటికీ నేను పెద్దగా మారలేదు. కానీ ఒక్క విషయం దగ్గర మాత్రం నా నోరు పెగలదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కెమెరా ఉన్న సెల్‌ఫోన్ ఎవరి చేతిలోనైనా ఉంటే వింతగా చూసే రోజులవి. మా చెల్లెలు పద్మ తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పిల్లకి నీళ్ళు పోయడానికి సూరమ్మ వచ్చింది.

సూరమ్మ కాలవగట్టు మీద ఉండేది. మా వీధిలో పుట్టిన ప్రతి బిడ్డకీ మూడో నెల నిండేదాకా ఆమే నీళ్ళు పోసేది. నాకూ, పద్మకీ కూడా ఆమే పోసిందట. పెరట్లో పీట మీద కూర్చుని, రెండు కాళ్ళూ బారచాపి, వాటి మీద పిల్లని పడుకోబెట్టుకుని ఒళ్ళంతా నూనె పట్టించేది. ఆ తర్వాత సున్నిపిండి, ఆ తర్వాత చెంబుతో వేణ్ణీళ్ళు. పిల్ల వీధి చివరికి వినబడేలా ఏడ్చి, సాంబ్రాణి పొగ వేసేసరికి నిద్రలోకి జారుకునేది. ఎక్కడ సాంబ్రాణి వాసన తగిలినా నాకు ఇప్పటికీ ఆ పెరడూ, ఆ తడి నేలా గుర్తొస్తాయి. మా అమ్మా, సూరమ్మా ఉన్న ఆ పొద్దులు మళ్ళీ రావు కదా అనిపిస్తుంది.

అన్నీ అయ్యాక, ఆముదం దీపానికి తనే పట్టిన కాటుకతో నుదుట ఒకటి, బుగ్గన ఒకటి, అరికాల్లో ఒకటి చుక్కలు పెట్టేది. ఈ పిల్లకి మాత్రం నాలుగోది కూడా పెట్టేది. బొడ్డుకి రెండు వేళ్ళ పైన, కాస్త ఎడమకి. రోజూ అక్కడే. గౌన్లన్నీ మరకలవుతున్నాయని పద్మ విసుక్కునేది.

"ఏంటి సూరమ్మా, పొట్టకి కూడా దిష్టి తగులుతుందా?" అని ఒకరోజు వేళాకోళమాడాను.

"ఏమోనండి బాబుగారూ. నూనె రాస్తుంటే చెయ్యి అక్కడ ఆగుతుందండి" అంది.

నవ్వేసి డ్యూటీకి వెళ్ళిపోయాను.

ఇరవై ఒకటో రోజున బారసాల చేశాం. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఉయ్యాల్లో పిల్లకంటే ముందు సన్నికల్లు పొత్రాన్ని పడుకోబెడతారు. పచ్చడి నూరే రాయికి స్నానం చేయించి, గుడ్డ చుట్టి, చుక్క పెట్టి, జోల కూడా పాడతారు. పిల్ల ఆ రాయిలా గట్టిగా ఉండాలని. పొత్రాన్ని దించి పిల్లని వేసి, లలిత అని పేరు పెట్టాం.

నాలుగు రోజులు తిరక్కుండానే లలితకి ఫిట్స్ వచ్చాయి. ఇరుగుపొరుగు వాళ్ళు పసిపిల్లలకి మామూలుగా వచ్చే బాలపాపచిన్నెలేనన్నారు. కాకినాడ తీసుకెళ్తే రక్తంలో చక్కెర అడుగంటిపోయిందన్నారు. గ్లూకోజు ఎక్కిస్తే తేరుకునేది, ఆపితే మళ్ళీ మొదటికే వచ్చేది. పిల్ల పాంక్రియాస్ అవసరం లేకపోయినా ఇన్సులిన్ తయారుచేస్తూనే ఉందట. మందులకి లొంగలేదు. ఇలాగే సాగితే మెదడు దెబ్బతింటుంది, ఆపరేషన్ తప్పదన్నారు.

అసలు చిక్కు అక్కడే ఉంది. గ్రంథి అంతటా లోపం ఉంటే దాదాపు మొత్తం కోసి తీసేయాలి. అప్పుడు పిల్ల బతుకంతా షుగరు జబ్బుతో, సూదులతో గడవాలి. లోపం ఒక్కచోటే ఉంటే ఆ చిన్న ముక్క తీస్తే చాలు, మామూలు పిల్లలా పెరుగుతుంది. ఏదన్నది కోయకముందే తెలియాలి.

కాకినాడలోనే అల్ట్రాసౌండ్ చేయించాను. సీటీ కూడా చేయించాను. రెండిట్లోనూ ఏమీ లేదు. పద్మ ఆ ఫిల్ము నా ముందు పెట్టి, "అన్నయ్యా, నువ్వు చూసి చెప్పు, ఎక్కడుంది?" అంది. ఫిల్ము మీద పడకుండానే నా మేనకోడల్ని తినేస్తున్నదొకటి ఉందని మొదటిసారి ఒప్పుకోవలసి వచ్చింది.

ఉత్తరాదిన ఒక పెద్ద ఆసుపత్రిలో దీనికోసం వేరే స్కాన్ ఉందని తెలిసింది. ముందు ఒక మందు ఇంజెక్షన్ ఇస్తారు. లోపం ఉన్న చోటికి అది చేరుకుంటుంది, మిషన్ ఆ చోటుని పట్టుకుంటుంది. సామర్లకోటలో రైలెక్కాం. నేనూ, పద్మా, బావా. పిల్ల ముక్కులో గొట్టం. రెండు గంటలకోసారి అందులోంచి పాలూ, గ్లూకోజూ పోస్తూ కూర్చున్నాం.

సామాను నేనే సర్దాను. కాటుకలూ, వెండి మొలతాడూ స్కానుకి అడ్డమని కాటుక భరిణె తీసి అమ్మ చేతికిచ్చేశాను. అమ్మకి అది నచ్చలేదు. నేను వినలేదు.

స్కాను రోజు పొద్దున్న పిల్ల ఒళ్ళంతా తడి దూదితో నేనే తుడిచాను. పేషెంటు ఒంటి మీద ఏమీ లేకుండా చూడటం నా వృత్తి. ముందూ వెనకా తిప్పి చూశాను. పొట్ట మీద ఆవగింజంత మచ్చ కూడా లేదు. అంతకుముందు పది రోజులుగా పిల్లకి ఎవరూ కాటుక పెట్టలేదు.

పది గంటలకి నిద్రమందు ఇచ్చి లోపలికి తీసుకెళ్ళారు. పద్మా, బావా బయట బల్ల మీద కూర్చున్నారు. నేను ఈ పనిలోనే ఉన్నవాణ్ణని తెలిసి డాక్టర్లు నన్ను అద్దాల గదిలోకి రానిచ్చారు. తెర మీద తెల్లటి పిల్ల ఆకారం. మూత్రపిండాలూ, మూత్రాశయం నల్లగా ఉన్నాయి. మందు బయటికి పోయే దారి కాబట్టి అవి అలాగే ఉంటాయని స్కాన్ డాక్టరు చెప్పారు. అవి కాక ఇంకొకటి ఉంది. కాస్త ఎడమగా, గుండ్రంగా, నల్లగా ఒకే ఒక్క చుక్క.

సర్జన్‌గారు దాని మీద వేలు పెట్టి, ఒక్కచోటే ఉందన్నారు. ఆ చుక్కని మా పెరట్లో నేను రోజూ చూసినవాణ్ణే.

పిల్లని తోపుడు మంచం మీద బయటికి తెచ్చారు. సర్జన్‌గారు గౌను పైకెత్తి, ఆగి, స్కాన్ డాక్టరు వైపు తిరిగి, గుర్తు మీరు పెట్టారా అని అడిగారు. మీరే పెట్టారనుకున్నానని ఆయన అన్నారు. నేను ముందుకెళ్ళి చూశాను. బొడ్డుకి రెండు వేళ్ళ పైన, కాస్త ఎడమకి, నల్లటి చుక్క. వేలితో రుద్దితే వేలికి అంటింది. వాసన చూశాను. ఆముదం.

మొదట పద్మ మీద విరుచుకుపడ్డాను. పిల్ల తల మీద చెయ్యి పెట్టి తను కాదంది. బల్ల మీంచి కదల్లేదని బావా అన్నాడు. లోపలున్న నర్సు చేతులకి గ్లవ్స్ ఉన్నాయి, కాటుక అన్న మాట ఆమెకి విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

ఆపరేషన్‌లో గ్రంథి చివరనున్న ఒక చిన్న ముక్క తీశారు. గొట్టం, గ్లూకోజు లేకుండా చక్కెర నిలబడిన రోజున పద్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

నెల తర్వాత ఇంటికొచ్చాం. అన్నాలు తింటూ ఉండగా అమ్మ మాటల్లో చెప్పింది. పిల్ల ఊళ్ళో లేకపోయినా సూరమ్మ ఒక్కరోజు కూడా మానలేదట. మూడో నెల నిండకుండా నీళ్ళు ఆపకూడదని, పొత్రాన్ని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని రోజూ నూనె రాసి నీళ్ళు పోసిందట.

స్కాను రోజు సంగతి అడిగాను. నేను ఫోన్లో టైము చెప్పాను కాబట్టి అమ్మకి బాగా గుర్తుంది. "పది గంటలకి పిల్లని మిషన్లో పెడతారని చెప్పాను. అయితే అప్పుడే పోస్తానండి అని కూచుంది. ఆ రోజు నుదుటా లేదు, బుగ్గనా లేదు. ఒక్కటే చుక్క పెట్టింది" అంది అమ్మ.

లేచి వెళ్ళి పొత్రాన్ని చూశాను. నూనె పీల్చుకుని నున్నగా ఉంది. రాయికి పొట్ట ఎక్కడో, ఎడమ ఎక్కడో నాకు తెలియలేదు. నడుమకి కొంచెం పైన, ఒక పక్కగా నల్లటి మచ్చ ఉంది.

మర్నాడు సూరమ్మ వచ్చి లలితని కాళ్ళ మీద వేసుకుంది. నేను పెరటి గుమ్మంలో నిలబడి ఆమె చేతినే చూస్తున్నాను. నూనె చెయ్యి ఛాతీ మీంచి పొట్ట మీదికి వచ్చింది. కుట్ల మచ్చ మీదుగా, ఎక్కడా ఆగకుండా కిందికి జారిపోయింది. నుదుట, బుగ్గన, అరికాల్లో మూడు చుక్కలు పెట్టి కాటుక భరిణె మూసేసింది.

"నాలుగోదేది సూరమ్మా?" అన్నాను.

"ఇంకెందుకండి బాబుగారూ?" అని పిల్లని తువ్వాల్లో చుట్టి నా చేతికిచ్చింది.

ఆ తర్వాత ఆమెని ఎన్నిసార్లు అడిగినా నవ్వేది. ఆమె పోయి చాలా కాలమైంది. లలిత ఇప్పుడు కాలేజీలో చదువుతోంది, మిఠాయి డబ్బా కనిపిస్తే మిగల్చదు. ఆ స్కాన్ ఫిల్ము నా బీరువాలో ఉంది. చాలాసార్లు తీసి చూశాను. ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందో మీకు అరగంట చెప్పగలను. పిల్ల పొట్ట మీదికి కాటుక ఎలా వచ్చిందో మాత్రం ఒక్క ముక్క చెప్పలేను.

నా అలవాటు మాత్రం ఒకటి మారింది. పసిపిల్లల్ని ఎక్స్‌రేకి తెస్తే ఇదివరకు దిష్టిచుక్కలు కనబడగానే విసుక్కుంటూ దూదితో తుడిచేసేవాణ్ణి. ఇప్పుడూ తుడుస్తాను. తుడిచే ముందు ఎక్కడెక్కడ పెట్టారో ఒకసారి చూసుకుంటాను.